మెడికల్ కాలేజీలో టెన్షన్‌ను అదుపులో పెట్టుకోవడం ఎలా? నెల్లూరు, ఒంగోలు ఎంబీబీఎస్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఎంబీబీఎస్ పిల్లలకు టెన్షన్ గురించి ఎవరు సలహా ఇచ్చినా దాదాపు ఒకేలా ఉంటుంది. కాసేపు పుస్తకం మూసెయ్, ధ్యానం చెయ్, పాటలు విను అంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ రేపు పొద్దున ఇంటర్నల్ (కాలేజీలోనే పెట్టే పరీక్ష) ఉండి, సిలబస్‌లో సగం ముట్టుకోనివాడు ధ్యానానికి కూర్చుంటే కళ్ళు మూసుకున్నంతసేపూ ఆ సగమే కనబడుతుంది. ధ్యానం అయ్యాక గంట పోయిందన్న బాధ ఇంకొకటి మిగులుతుంది.

నేను నెల్లూరులోనే ఎంబీబీఎస్ చదివి, ఇప్పుడు మొదటి సంవత్సరం వాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. నేను చూసినంతలో మెడికో టెన్షన్‌లో ఎక్కువ భాగం చదివే తీరులో, నిద్ర వేళల్లో, ఇంట్లో చెప్పకుండా దాచుకున్న మాటల్లో ఉంటుంది. అవి మారకుండా పైపైన ఎన్ని చేసినా వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. దర్గామిట్టలోని ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతున్నా, చింతారెడ్డిపాళెంలోని నారాయణలో చదువుతున్నా, ఒంగోలులో 2008లో రిమ్స్‌గా మొదలైన ప్రభుత్వ కళాశాలలో చదువుతున్నా కింద చెప్పేవి పనికొస్తాయి. వరుసగా చదవండి. ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి.

ఇంకో మాట. ఇది మీ ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 2024లో, వైద్య విద్యను పర్యవేక్షించే జాతీయ వైద్య కమిషన్ విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై వేసిన టాస్క్‌ఫోర్స్ దేశవ్యాప్తంగా ఆన్‌లైన్ సర్వే చేస్తే 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు జవాబిచ్చారు. తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పినవాళ్ళు వారిలో 27.8 శాతం. అంటే జవాబిచ్చినవాళ్ళలో ప్రతి నలుగురికీ ఒకరి కంటే ఎక్కువే. మీ క్లాసులో నవ్వుతూ తిరిగేవాళ్ళలో కూడా అలాంటివాళ్ళు ఉండొచ్చు.

మొదటి మెట్టు: ఏ టెన్షనో తేల్చుకోండి

"టెన్షన్‌గా ఉంది సార్" అంటారు పిల్లలు. దేనికమ్మా అంటే "అన్నిటికీ" అంటారు. అన్నిటికీ అన్నంతకాలం దేనికీ మందు దొరకదు. అందుకని ఒక వారంపాటు చిన్న పని చేయండి. చిన్న నోటుపుస్తకం ఒకటి జేబులో పెట్టుకుని, గుండె దడ, కడుపులో తిప్పడం, చిరాకు, ఏడుపు, చదువుతున్నా ఒక్క ముక్క తలకెక్కకపోవడం, వీటిలో ఏది వచ్చినా అప్పటి టైము, అప్పుడేం చేస్తున్నారో ఒక్క లైనులో రాయండి. విశ్లేషణ వద్దు. "రాత్రి 11.30, వాట్సాప్ గ్రూపులో ఎవరో సెకండ్ రివిజన్ అయిపోయిందన్నారు" అని రాస్తే చాలు.

వారం అయ్యాక చూస్తే అవి ఏదో ఒక వైపు మొగ్గుతాయి. కొందరికి చదువు పేరుకుపోవడం. కొందరికి వైవా (ఎగ్జామినర్ ఎదుట నోటితో జవాబు చెప్పే పరీక్ష), ప్రాక్టికల్స్ భయం. కొందరికి వార్డులో, శవాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో చూసినవి వెంటాడడం. కొందరికి ఇల్లు, డబ్బు, ప్రేమ, రూమ్మేట్. రెండు మూడు కలిసి కూడా ఉంటాయి కానీ ఒకటి ముందుంటుంది. దానితో మొదలుపెట్టండి.

శరీరంలో ఏం జరుగుతుందో మీరు ఫిజియాలజీలో చదివేదే. భయపడగానే అడ్రినలిన్ పెరిగి గుండె వేగం పుంజుకుంటుంది. హైపోథాలమస్, పిట్యూటరీ, అడ్రినల్ వరుసలో కార్టిసాల్ విడుదలవుతుంది. కొద్దిపాటి టెన్షన్ చురుకుదనం ఇస్తుంది, మరీ ఎక్కువైతే క్లిష్టమైన పని చెడుతుంది అని యెర్క్స్, డాడ్సన్ 1908లోనే ఎలుకల మీద పరిశోధనలో చూపించారు. కాబట్టి టెన్షన్‌ను పూర్తిగా పోగొట్టుకోవాలని పట్టుబట్టకండి. పరీక్ష ముందు కొంచెం దడ ఉంటుంది, ఉండాలి కూడా. రోజుల తరబడి తగ్గకుండా ఉండేదే మనం పట్టించుకోవాల్సింది.

రెండో మెట్టు: నిద్ర. బేరాల్లేవు

మొదటి మెట్టులో ఏం తేలినా, నిద్ర సరిచేయకుండా ముందుకెళ్ళకండి. పగలు చదివినదాన్ని మెదడు గట్టిపరచుకునేది నిద్రలోనే. రాత్రి మూడింటిదాకా కూర్చుని ఏడింటికి లేచినవాడు ఆ అదనపు గంటల్లో సంపాదించినదానికన్నా పోగొట్టుకునేదే ఎక్కువ. ఈ వయసులో ఏడెనిమిది గంటలు కావాలి. టాస్క్‌ఫోర్స్ కూడా అంతే చెప్పింది.

ముందు లేచే టైము ఖాయం చేయండి. పడుకునే టైము దాని వెంట అదే వస్తుంది. ఆదివారం కూడా గంట కంటే తేడా వద్దు. హాస్టల్లో చాలామంది ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుని, ఆ రాత్రి నిద్ర పట్టక, సోమవారం ఎనిమిది గంటల క్లాసులో తూగుతారు. వారమంతా ఆ దెబ్బే నడుస్తుంది.

టీ, కాఫీల సంగతి. కెఫీన్ మెదడులో అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది కనుక నిద్ర ఆగుతుంది. దాని అర్ధాయువు సుమారు ఐదు గంటలు. రాత్రి తొమ్మిదింటికి గేటు బయట బంకులో తాగిన కాఫీలో సగం రెండింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. నైట్ స్టడీ చేస్తున్నాం, టీ లేకపోతే ఎలా అంటారు. ఆ నైట్ స్టడీ అలవాటునే మార్చమంటున్నాను.

మన ఊళ్ళలో ఇంకో ఇబ్బంది వేడి. ఏప్రిల్, మే నెలల్లో, రోహిణి కార్తెలో మరీనూ, హాస్టల్ పై అంతస్తు స్లాబు రాత్రి పన్నెండు దాటినా సెగలు కక్కుతూనే ఉంటుంది. పడుకునే ముందు స్నానం చేసి, కాటన్ దుప్పటి తడిపి కిటికీకి కట్టి, మంచం గోడకు దూరంగా జరుపుకోండి. కింది అంతస్తులో గది ఖాళీ అయితే వార్డెన్‌ను అడగండి. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ పరీక్షలు వేసవిలో పడ్డప్పుడు ఇదే పెద్ద విషయం.

రూమ్మేట్ లైటు ఆర్పడు, ఫోన్ స్పీకర్లో మాట్లాడతాడు. దీని మీద లోలోపల ఉడికిపోయేకంటే ఒకసారి కూర్చుని "పదకొండున్నర తర్వాత టేబుల్ లైటే వాడదాం రా" అని మాట అనుకోవడం మేలు. కళ్ళకు కట్టుకునే గుడ్డ, చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు మెడికల్ షాపులో దొరుకుతాయి.

మూడో మెట్టు: ఇంటర్ అలవాటు వదలండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. మొదటి సంవత్సరం పిల్లల కష్టాల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

మన దగ్గర మెడికల్ సీటు దాకా వచ్చినవాళ్ళలో చాలామంది రెండేళ్ళు ఇంటర్, ఆపైన ఏడాదో రెండేళ్ళో లాంగ్‌టర్మ్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉన్నవాళ్ళు. అక్కడ పొద్దున స్టడీ అవర్ దగ్గర్నుంచి రాత్రి లైటు ఆర్పేదాకా ప్రతి గంటా ఇంకొకరు ఖాయం చేశారు. ఏ చాప్టర్ ఎప్పుడు చదవాలో వాళ్ళే చెప్పారు. వారానికో పరీక్ష, గోడ మీద ర్యాంకు. మెడికల్ కాలేజీకి రాగానే ఆ చట్రం ఒక్కసారిగా మాయమవుతుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత మీరేం చేశారని అడిగే దిక్కు లేదు. పుస్తకం మాత్రం ఒక్కోటి వెయ్యి పేజీలు. ఇంటర్‌లో మొత్తం సిలబస్ నాలుగుసార్లు తిరగేసినవాడు ఇక్కడ ఒక్కసారి కూడా పూర్తి కాక తనకు బుర్ర లేదనుకుంటాడు. బుర్ర ఎక్కడికీ పోలేదు. అంతా చదవాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు, అంతే.

ఉదయగిరి వైపు పల్లె నుంచి వచ్చిన అబ్బాయి ఒకడు, డిసెంబరులో అనుకుంటా, డిపార్ట్‌మెంట్‌కి వచ్చి "చదవనివి చాలా ఉన్నాయి సార్, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అన్నాడు. తెల్ల కాగితం ఇచ్చి, ఉన్నవన్నీ రాయమన్నాను. రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. రెండు పేజీలు నిండుతాయనుకున్నాడు, ఒక పేజీలో మూడొంతులే నిండింది. ఆ కాగితం చూసుకుంటూ "ఇంతేనా సార్" అన్నాడు. రాసుకోని బాకీ ఎప్పుడూ ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది.

మీరూ అలాగే రాయండి. తర్వాత ఆ జాబితాను మూడు రకాలుగా విడగొట్టండి. అప్పటి భారత వైద్య మండలి 2019 బ్యాచ్ నుంచి తెచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రతి అంశానికీ ఒక నంబరు, అది కోర్ (తప్పక రావాల్సింది) అవునా కాదా అన్న గుర్తు ఉంటాయి. చేతికి వెళ్ళే నరాల అల్లిక బ్రేకియల్ ప్లెక్సస్‌ది అనాటమీలో ఏఎన్ 10.3, అది కోర్. కోర్ అని ఉన్నవి, పైగా మీ యూనివర్సిటీ పాత పేపర్లలో మళ్ళీ మళ్ళీ వచ్చినవి మొదటి వరుసలో రాయండి. కోర్ అయినా అరుదుగా అడిగేవి రెండో వరుస. మిగతావి మూడో వరుస. మూడో వరుసను పరీక్షలయ్యేదాకా చూడనవసరం లేదు. ఇది చెబితే పిల్లలకు మొదట మింగుడుపడదు, ఏదో దొంగతనం చేస్తున్నట్టు మొహం పెడతారు. కానీ డాక్టరైనవాడు ఎవడూ పుస్తకం మొత్తం చదివి డాక్టరవలేదు.

ఇక రోజు ఎలా గడపాలి? ఆ రోజు క్లాసులో చెప్పింది ఆ రోజే, ముందుగా. పాత బాకీకి రోజుకు గంట, ఎక్కువ వద్దు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పాతది పూర్తిచేసి కొత్తది మొదలుపెడదామనుకుంటారు. ఈలోపు కొత్తది పాతదైపోతుంది, బాకీ ఎన్నటికీ తీరదు.

చదివే పద్ధతి గురించి. పుస్తకం మూడుసార్లు చదివి, రంగురంగుల పెన్నులతో గీతలు గీస్తే తెలిసినట్టే అనిపిస్తుంది. వైవాలో నోరు తెరిచేసరికి ఏమీ రాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకంటే, ఒకసారి చదివి చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకేమో తమకే బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఉండింది. మన హాస్టళ్ళలో జరిగేదీ ఇదే.

కాబట్టి ఇలా చేయండి. బ్రేకియల్ ప్లెక్సస్ ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద గీయండి. సీ5 నుంచి టీ1 వరకు ఐదు రూట్లు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, చివర ఐదు ప్రధాన నరాలు. ఎక్కడ ఆగిపోయారో అక్కడ వదిలేసి, పుస్తకం తెరిచి, మిగిలింది ఎర్ర పెన్నుతో పూర్తిచేయండి. మర్నాడు మళ్ళీ కొత్త కాగితం. తర్వాత మూడు రోజులకు, వారానికి, మూడు వారాలకు. మొదటి కాగితం మీద ఎరుపే ఎక్కువ ఉంటుంది. నాలుగో కాగితానికి ఒకటో రెండో గీతలు మిగులుతాయి. ఆ కాగితాలు పారేయకండి. పరీక్ష ముందు రోజు "నాకేమీ రాదు" అన్న భయం పట్టుకున్నప్పుడు వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఎవరి ఓదార్పూ చేయలేని పని అవి చేస్తాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంగ్లీషు పేరా అర్థం కాకపోతే బట్టీ పట్టకండి. అర్థమయ్యేదాకా తెలుగులో చెప్పుకోండి, రూమ్మేట్‌కు తెలుగులో వివరించండి, ఆ తర్వాత జవాబు ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలుగా రాయడం సాధన చేయండి. పరీక్షలో దిద్దేవాళ్ళు వెతికేది విషయాన్ని. పొడుగు వాక్యాల జోలికి పోకండి. క్లినికల్స్ మొదలయ్యాక మీదే పైచేయి. పేషెంటు "నిస్సత్తువగా ఉందయ్యా, కాళ్ళు లాగేస్తుండాయి, నాలుగడుగులేస్తే ఆయాసం" అంటే మీకు వెంటనే అందుతుంది. కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన నడుము వంగడం లేదంటే అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు ఇంటి నుంచే తెలిసి ఉంటుంది.

అటెండెన్స్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఈ లెక్క చివరి నెలలో చూసుకుని కాళ్ళూ చేతులూ ఆడనివాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. నెలకోసారి ఆఫీసులో చూసుకుని గోడ మీద రాసుకుంటే ఈ టెన్షన్ పుట్టనే పుట్టదు.

నాలుగో మెట్టు: వైవా, పరీక్ష రోజు

వైవా భయం తగ్గాలంటే పైకి మాట్లాడాలి, వేరే దారి లేదు. మనసులో తెలిసిన జవాబు నోటికి రావడం వేరే పని. సాయంత్రం ముగ్గురు కలిసి కూర్చుని, ఒకరు ఎగ్జామినర్, ఒకరు విద్యార్థి, ఒకరు వినేవాళ్ళు. ఎముక చేతిలో పట్టుకుని, ఏ వైపుదో చెప్పడంతో మొదలుపెట్టి, ఐదు నిమిషాలు. నవ్వులాటగా మొదలైనా రెండు వారాల్లో గొంతు వణకడం తగ్గుతుంది. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్" అనడం కూడా అక్కడే సాధన చేయండి. తెలియదని చెప్పాక చాలామంది ఎగ్జామినర్లు ఇంకో ప్రశ్నకు వెళ్తారు. తోచింది అల్లి చెబితేనే అదే ప్రశ్నలో లోతుకు లాగుతారు.

లోపలికి పిలిచే ముందు వరండాలో నిలబడ్డప్పుడు శ్వాస మీద పని చేయండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. పొట్ట కదలాలి, భుజాలు కాదు. వదిలేటప్పుడు వేగస్ నరం ప్రభావం పెరిగి గుండె వేగం కొంచెం తగ్గుతుంది. నాడి పట్టుకుని చూస్తే మీకే తెలుస్తుంది, శ్వాసతో పాటు గుండె వేగం మారే సైనస్ అరిథ్మియా పాఠంలో చదివినదే. రెండు మూడు నిమిషాలు చాలు. ఆ వరండాలో "నిన్ను ఏమడిగారు, నన్ను ఇదడిగారు" అనే గుంపుకు దూరంగా నిలబడండి. అక్కడ విన్నది ఆ ఐదు నిమిషాల్లో చదివి ఉద్ధరించేదేమీ ఉండదు.

పరీక్ష ముందు రాత్రి కొత్త అంశం తెరవకండి. ఎర్ర గీతల కాగితాలు చూసుకుని పడుకోండి.

తప్పితే? తప్పితే సప్లిమెంటరీ ఉంటుంది. నియమాల ప్రకారం మొదటి ప్రొఫెషనల్‌కు (మొదటి సంవత్సరం యూనివర్సిటీ పరీక్షకు) నాలుగు అవకాశాలు, మొత్తం కోర్సుకు తొమ్మిదేళ్ళు. సప్లీ రాసి పాసై, ఆపైన పీజీ చేసి, ఇవాళ ఓపీల్లో మంచి పేరు తెచ్చుకున్న డాక్టర్లు మీ ఊళ్ళోనే ఉంటారు. వాళ్ళ బోర్డు మీద ఎన్నో ప్రయత్నంలో పాసయ్యారో రాసి ఉండదు, పేషెంట్లు అడగరు.

ఐదో మెట్టు: ఒళ్ళు కదలాలి

దీని గురించి మీకు నేను చెప్పాల్సింది తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అంటుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు చురుగ్గా నడిస్తే సరిపోతుంది. నెల్లూరులో ఏసీ స్టేడియం ఉంది, పొద్దున్నే పెన్నా గట్టు వైపు వెళ్ళొచ్చు. కాలేజీ గ్రౌండులో షటిల్ అయినా సరే. ఒంటరిగా జిమ్‌కు వెళ్ళి మూడు రోజులకు మానేసేకంటే నలుగురితో వాలీబాల్ ఆడితే నిలుస్తుంది.

ఆదివారం మైపాడు బీచ్‌కో, ఒంగోలు వాళ్ళైతే కొత్తపట్నానికో వెళ్ళిరండి. కానీ నీళ్ళలో లోపలికి వెళ్ళకండి. మన తీరంలో అలల లాగుడు ఎక్కువ. రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు గట్టున అంత జనం మధ్య ఓ సాయంత్రం తిరిగి రావడం కూడా ఈ మెట్టు కిందికే వస్తుంది. దర్గామిట్ట రోడ్లు కిక్కిరిసిపోయే ఆ రోజుల్లో గదిలో చెవులు మూసుకుని చదవాలని పెనుగులాడేకంటే అదే నయం.

తిండి మానకండి. మెస్సులో ఇడ్లీ బాగాలేదని ఖాళీ కడుపుతో డిసెక్షన్‌కు వెళ్తే ఫార్మలిన్ వాసనకు కళ్ళు తిరుగుతాయి.

ఆరో మెట్టు: శవం, వార్డు, మొదటి మరణం

డిసెక్షన్ హాల్లో మొదటి వారం కొందరికి నిద్రలో కూడా ఆ టేబుళ్ళే కనబడతాయి. అన్నం ముద్ద దిగదు. ఇది బలహీనత కాదు. ఎవరో తమ దేహాన్ని మన చదువుకు ఇచ్చారు, లేదా అడిగేవాళ్ళు లేక ఇక్కడికి చేరారు. ఆ మనిషి పట్ల గౌరవంతో టేబుల్ దగ్గర నిలబడితే భయం నెమ్మదిగా వేరే రూపం తీసుకుంటుంది. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డెమాన్‌స్ట్రేటర్‌కు చెప్పండి. కాసేపు బయట కూర్చుని రమ్మంటారు.

చదువు చివర ఆస్పత్రిలో పనిచేసే ఏడాది, హౌస్ సర్జన్సీ, వేరే సంగతి. క్యాజువాలిటీలో రాత్రి పురుగుమందు కేసు వస్తుంది. పాతికేళ్ళ రైతు. స్టమక్ వాష్, అట్రోపిన్, అన్నీ చేస్తారు. తెల్లవారుజామున పోతాడు. బయట భార్య, చంకలో బిడ్డ. మీరు ఇంకో పేషెంటుకు ఐవీ లైను పెట్టాలి కాబట్టి పెడతారు. పొద్దున హాస్టల్‌కు వచ్చి పడుకుంటారు, నిద్ర రాదు.

అలాంటి రాత్రి తర్వాత రెండు పనులు చేయండి. డ్యూటీ దిగగానే గదికి వెళ్ళిపోకండి. అదే డ్యూటీలో ఉన్న కో-ఇంటర్న్‌తోనో, పీజీ అక్కతోనో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుని జరిగింది వరుసగా చెప్పుకోండి. ఏం చేశాం, ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు. రెండోది, వైద్యపరంగా అనుమానం మిగిలితే కేసు షీట్ తీసి యూనిట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను అడగండి. "నేను ఇంకోలా చేసి ఉంటేనో" అన్న ప్రశ్నకు జవాబు మీ మంచం మీద దొరకదు, ఆ షీట్‌లో దొరుకుతుంది. చాలాసార్లు జవాబు, పేషెంటు ఆలస్యంగా చేరాడు అన్నదే.

డ్యూటీ గంటల గురించి: రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు మించకూడదని, వారానికొక సెలవు ఉండాలని అదే టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసింది. అది సిఫారసే, చాలాచోట్ల ఇంకా అమలు కాలేదు. అయినా మీ డ్యూటీ చార్టు వేసేటప్పుడు అందరూ కలిసి అడగడానికి ఇది ఆధారం. రాత్రి డ్యూటీకి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. తెల్లవారి బండి నడపకండి, ఆటోలో వెళ్ళండి.

ఏడో మెట్టు: ఇంటికి చెప్పడం

మన ఇళ్ళలో డాక్టర్ చదివే పిల్లాడంటే వీధి వీధంతా తెలుసు. పెళ్ళికి వెళ్తే "ఏ స్పెషాలిటీ చేస్తావు" అని ఒకరు, సుగరు రిపోర్టు తీసి చూపించేవారు ఇంకొకరు. వాళ్ళది ప్రేమే. కానీ ఇంటర్నల్ తప్పినవాడికి ఆ ప్రేమే గుండెల మీద బరువవుతుంది. అందుకే దాస్తాడు. దాచిన కొద్దీ ఫోన్ ఎత్తడం తగ్గుతుంది, అవతల అమ్మకు కంగారు పెరుగుతుంది.

చెప్పేటప్పుడు ఒక వరుస పాటించండి. ముందు జరిగింది, తర్వాత దాని స్థాయి, ఆపైన మీరేం చేస్తున్నారో. పొదిలి దగ్గర పొగాకు వేసే ఒకాయన కొడుకు నా ముందే ఇలా ఫోన్ చేశాడు: "నాన్నా, అనాటమీ ఇంటర్నల్ పోయింది. ఫైనల్ కాదులే, ఇంకా పరీక్షలు ఉండాయి. మేడంను కలిసినా. రోజూ సాయంత్రం డిసెక్షన్ హాల్లో కూర్చుంటున్నా." అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "సరేలే అబ్బయ్యా. తింటుండావా సరిగ్గా?" అన్నాడాయన. అంతే. మూడు వారాలుగా ఆ మాటకు భయపడి కొడుకు నిద్రపోలేదు.

తల్లిదండ్రులందరూ అలా తీసుకోరు. కోప్పడతారనుకుంటే ముందు అక్కకో, చిన్నాన్నకో, మేనమామకో చెప్పి వాళ్ళ ద్వారా చెప్పించండి. ఫీజు, లోన్ కిస్తీ సంగతులైతే వాయిదా వేయకండి. ప్రిన్సిపల్ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల గురించి, బ్యాంకులో చదువు రుణం వడ్డీ, మారటోరియం (కిస్తీలు కట్టనవసరం లేని గడువు) గురించి నేరుగా అడగండి. కాగితం మీద అంకెలుగా చూస్తే సగం భయం పోతుంది.

సీనియర్లు వేధిస్తుంటే అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు. కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉంటుంది. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522.

ఎనిమిదో మెట్టు: ఇది టెన్షన్ దాటిపోయినప్పుడు

పై మెట్లన్నీ మామూలు ఒత్తిడికి. రెండు వారాలు దాటి రోజంతా దిగులు, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి పూర్తిగా మారిపోవడం, నేను ఉండి ఎందుకు అనిపించడం, ఇవి కనబడితే అది జబ్బు. డిప్రెషన్‌కు ఏం కావాలో పుస్తకంలో చదివి పేషెంటుకు రాసే మనం, మనకొచ్చినప్పుడు "సంకల్పబలం" అంటాం. సైకియాట్రీ ఓపీకి వెళ్ళండి. సొంత కాలేజీ ఆస్పత్రిలో ఎవరైనా చూస్తారనుకుంటే ఊళ్ళో ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్ళది.

గది దాటి వెళ్ళలేని రాత్రి టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన బలంగా ఉంటే ఫోన్‌తో ఆగకండి. పక్క గదివాళ్ళను లేపండి, క్యాజువాలిటీకి వెళ్ళండి. మీరు ఆస్పత్రి ఆవరణలోనే ఉన్నారు.

మెడికోలకు ఉన్న ప్రత్యేక ప్రమాదం ఒకటుంది: మందులు మన చేతికి అందుతాయి. నిద్రకు అల్ప్రజోలం, వైవాలో గుండె దడ తగ్గడానికి ప్రొప్రనొలాల్, రాత్రంతా చదవడానికి ఏదో ఒకటి, సీనియర్ అన్న చెప్పాడని మొదలుపెడతారు. ఆస్తమా ఉన్నవాడికి ప్రొప్రనొలాల్ శ్వాసనాళాలను ఎలా బిగిస్తుందో ఫార్మకాలజీలో చదివే ఉంటారు. అల్ప్రజోలం వారాల్లోనే అలవాటవుతుంది, హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. మీకు మీరు మందు రాసుకోకండి. సిగరెట్టు, మద్యం కూడా ఇదే కోవ.

స్నేహితుడిలో మార్పు కనబడితే, తలుపేసుకుని ఉండిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "ఇక నా గురించి ఆలోచించకండి" వంటి మాటలు, అప్పుడు డొంకతిరుగుడు వద్దు. పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి ఆ ప్రశ్నే ఊపిరి తిప్పుకునే సందు ఇస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. వార్డెన్‌కు, ఇంటివాళ్ళకు చెప్పి, మీరే వెంట ఉండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

వైద్యం కోసం సెలవు పెట్టాల్సి వస్తే మెడికల్ సర్టిఫికెట్‌తో ప్రిన్సిపల్‌కు దరఖాస్తు ముందే ఇవ్వండి, దాని కాపీ దగ్గర ఉంచుకోండి. తిరిగి వచ్చాక మొదటి రోజే ప్రతి డిపార్ట్‌మెంట్ హెచ్ఓడీని కలిసి, పోయిన ఇంటర్నల్, లాగ్‌బుక్ సంతకాలు, అటెండెన్స్ ఎలా పూడ్చుకోవాలో అడిగి రాసుకోండి. ఆ రోజు వెంట ఒక స్నేహితుడిని తీసుకెళ్ళండి, చెప్పినవన్నీ ఒక్కరికే గుర్తుండవు. మొదటి రెండు వారాలు పాత బాకీ ముట్టుకోకుండా, క్లాసులకు వెళ్ళి ఆ రోజు పాఠం మాత్రం చదవండి. మందులు వాడుతుంటే బాగానే ఉందని మధ్యలో ఆపకుండా, డాక్టర్ చెప్పిన తేదీకి మళ్ళీ వెళ్ళి చూపించుకోండి.